విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రియల్ ఎస్టేట్ ఏజెంటు మకాం మార్చడం: ఏ పని ముందు, ఏది తర్వాత

విజయవాడ, గుంటూరు, ఏలూరు వైపు ఏళ్ల తరబడి ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిస్తున్నవాళ్లు తరచూ అడుగుతుంటారు: "హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటున్నానండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఫోన్‌లో రెండు మాటల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

బేరం కుదిర్చే నేర్పు, ఫోన్‌లో ఉన్న నంబర్లు మీతో వస్తాయి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాదు. జీఎస్టీ నంబరు రాదు. భూమి కాగితం చదివే అలవాటు కూడా సగమే పనికొస్తుంది, ఎందుకంటే ఆంధ్ర రికార్డులు వేరు, నిజాం కాలం నుంచి వచ్చిన తెలంగాణ రికార్డులు వేరు. చాలామంది దెబ్బతినేది ఈ మూడో దగ్గరే. అందుకే ఆ భాగానికి ఎక్కువ చోటిచ్చాను.

1. అక్కడి లెక్కలు ముందు తేల్చుకోండి

సగంలో ఉన్న డీల్స్ వదిలేసి బస్సెక్కితే ఆ కమీషన్లు రావు. ఎవరో ఒకరు "చివర్లో మీరు లేరు కదా" అంటారు.

- నడుస్తున్న ప్రతి డీల్‌కూ ఒక కాగితం: కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, ఏ దశలో ఉంది, మీకు రావాల్సింది ఎంత, ఎప్పుడు.
- నమ్మకమైన తోటి ఏజెంటుకు అప్పగింత. వాటా ఎంతో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.
- మీ చేతిలో ఉన్న ఒరిజినల్ డాక్యుమెంట్లు, తాళాలు యజమానులకు తిరిగిచ్చి సంతకం తీసుకోండి.
- ఏపీ రెరా రిజిస్ట్రేషన్‌కు ఇంకా గడువుంటే వదులుకోకండి. ఎందుకో 8వ భాగంలో చెబుతాను.

2. ఎంత డబ్బుతో రావాలి, ఏ నెలలో రావాలి

రీసేల్ ఫ్లాటులో టోకెన్ (అడ్వాన్సు) పడ్డాక అగ్రిమెంట్, బ్యాంకు లోను, లీగల్ ఒపీనియన్, రిజిస్ట్రేషన్ అయ్యేసరికి నెలన్నర, రెండు నెలలు ఇట్టే పోతాయి. బిల్డర్ ప్రాజెక్టు అయితే ఇంకా ఆలస్యం. కొన్నవాళ్లు ఒప్పుకున్న శాతం కట్టాలి, మీరు ఇన్‌వాయిస్ ఇవ్వాలి, ఆ తర్వాతే చెక్కు. అసలు మొదటి డీల్ కుదరడానికే నాలుగు నెలలు పట్టొచ్చు. కాబట్టి ఎనిమిది నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా కదలొద్దని నా సలహా. అందులో పాత ఊరి నుంచి రావాల్సిన కమీషన్లను లెక్కలో వేసుకోవద్దు.

నెల సంగతి. ఆషాఢంలో కొనుగోళ్లు నెమ్మదిస్తాయి, శ్రావణం నుంచి ఊపందుకుంటాయి, దసరా, దీపావళి దాకా మంచి కాలం. కాబట్టి మే చివర్లో వచ్చి, ఆషాఢమంతా ఏరియా తిరగడానికీ రికార్డులు చదవడానికీ వాడుకుంటే శ్రావణానికి సిద్ధంగా ఉంటారు. పిల్లల బడి కూడా జూన్‌లోనే కలిసొస్తుంది. పుష్యమాసంలో వచ్చి "ఇక్కడ మార్కెట్ డల్‌గా ఉంది" అని నిరుత్సాహపడేవాళ్లను ఎప్పుడూ చూస్తుంటాం.

3. ఒక్క ఏరియా ఎంచుకోండి

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. దాని చుట్టూ, లోపలా ఉన్నదంతా చేస్తానంటే ఎక్కడా ఏమీ చేయలేరు. మొదటి ఏడాదికి నాలుగైదు కాలనీల మించి వద్దు.

ఎంపికకు చూడాల్సినవి మూడు: మీకు తెలిసినవాళ్లు అక్కడ కొంటారా, రీసేల్ రోజూ నడుస్తుందా, మీరు అక్కడే ఉండగలరా.

మియాపూర్, బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ వైపు కోస్తా కుటుంబాలు ఎక్కువ. రీసేల్ ఫ్లాట్లు, కిరాయిలు ఎప్పుడూ నడుస్తుంటాయి. ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ విజయవాడ హైవే వైపు ఉన్నాయి కాబట్టి ఊరికి రాకపోకలు సులువు. ఇండిపెండెంట్ ఇళ్లు, ప్లాట్లు చేసిన అనుభవం ఉంటే అటు బాగుంటుంది.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ హైరైజ్‌లు చూసి అటే పోదామనిపిస్తుంది. కమీషన్ అంకె పెద్దది మరి. కానీ అక్కడ బిల్డర్ల సొంత సేల్స్ టీములు, పెద్ద ఛానెల్ పార్ట్‌నర్లు (బిల్డర్ల తరఫున అమ్మిపెట్టే సంస్థలు) ముందే ఉన్నారు. కొత్తగా వచ్చినవాడి వంతు వచ్చేది వాళ్లు వదిలేసిన కస్టమరే. ఏడాది ఆగి వెళ్లండి.

4. కాగితాలు: ఈ వరుస తప్పొద్దు

ముందు కిరాయి అగ్రిమెంట్, తర్వాత రెరా, ఆ తర్వాతే ప్రకటన. తిరగేస్తే ప్రతి దగ్గరా ఆగిపోతారు.

*ఆఫీసు చిరునామా.* రెరా దరఖాస్తుకు వ్యాపార స్థలం రుజువు కావాలి. పెద్ద ఆఫీసు అక్కర్లేదు. చిన్న మడిగె (కొట్టు గది) అయినా, షేరింగ్ క్యాబిన్ అయినా సరిపోతుంది. అగ్రిమెంటులో "వ్యాపార వినియోగానికి" అన్న మాట ఉండేలా చూసుకోండి.

*తెలంగాణ రెరా.* 2016 రెరా చట్టం 9వ సెక్షన్ కింద ఏజెంటు రిజిస్ట్రేషన్ ఒక రాష్ట్రానికే చెల్లుతుంది. ఏపీ నంబరుతో హైదరాబాద్ ప్రాజెక్టు అమ్మిస్తే రిజిస్ట్రేషన్ లేనట్టే లెక్క. 62వ సెక్షన్ ప్రకారం తప్పు కొనసాగినన్ని రోజులు రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా పోవచ్చు. పాన్, ఆధార్, ఫొటో, ఐటీ రిటర్నులు, చిరునామా రుజువు సిద్ధం చేసుకుని ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయండి. ఏ రోజు ఎంత ఫీజు ఉందో వెబ్‌సైట్లోనే చూసి కట్టండి. మధ్యవర్తికి ఇవ్వాల్సిన పని లేదు. మనమే మధ్యవర్తులం!

"నేను రీసేల్, కిరాయిలే చేస్తాను, నాకెందుకు రెరా?" అంటారు కొందరు. చట్టం పట్టుకునేది బిల్డర్ అమ్మే ప్రాజెక్టుల్లో యూనిట్లు అమ్మించేవాళ్లనే, నిజమే. కానీ రీసేల్ చూడటానికి వచ్చిన కస్టమర్ రెండో ఆదివారానికి "కొత్తది ఏదైనా ఉందా" అంటాడు. ఆ రోజు నంబరు లేకపోతే అతన్ని పక్క ఏజెంటుకు అప్పజెప్పినట్టే.

*జీఎస్టీ.* ఇది కూడా రాష్ట్రం వారీగానే. పరిమితి దాటితే తెలంగాణలో కొత్త నంబరు తీసుకోవాలి. సేవలకు ఆ పరిమితి ఏడాదికి 20 లక్షలు. చాలామంది మర్చిపోయేది ఒకటుంది: ఆ 20 లక్షల లెక్క పాన్ మీద, దేశమంతా కలిపి. ఏపీలో 12 లక్షలు, ఇక్కడ 9 లక్షలు వస్తే దాటినట్టే. బ్రోకరేజీ మీద జీఎస్టీ 18 శాతం. కాబట్టి కమీషన్ మాట్లాడేటప్పుడే "జీఎస్టీ అదనం" అని చెప్పండి, తర్వాత చెబితే ఎవరూ ఇవ్వరు.

*బండి.* ఏపీ నంబరు బండి ఏడాదికి మించి ఇక్కడే తిరిగితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఏపీ రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవడం మర్చిపోకండి.

5. తెలంగాణ భూమి కాగితం చదవడం

మొదటి టోకెన్ కన్నా ముందు పూర్తి చేయాల్సిన చదువు ఇది. తెలిసిన రెవెన్యూ ఉద్యోగి, ఒక దస్తావేజు లేఖరి, ఒక సివిల్ లాయరు, ఈ ముగ్గురినీ పట్టుకోండి. లాయరుకు ఫీజు ఇచ్చి రెండు మూడు పాత లీగల్ ఒపీనియన్లు ముందు పెట్టుకుని చదివించుకోండి. ఏ కోర్సూ ఇంత నేర్పదు.

*కొలత.* ఎకరం ఎక్కడైనా 4,840 చదరపు గజాలే. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. అంటే గుంట రెండున్నర సెంట్లు.

పాస్‌బుక్కులో 2-15 అని ఉంటే రెండెకరాల పదిహేను గుంటలు, అంటే 2.375 ఎకరాలు. అలవాటు కొద్దీ 2.15 అనుకుంటే 1,089 గజాలు గాలికి పోయాయన్నమాట. ఇలాంటి లెక్క అమ్మేవాళ్ల ముందు తప్పితే మీ పరువు అక్కడితో సరి.

*రిజిస్ట్రేషన్ ఎక్కడ.* ఇల్లు, ప్లాటు, ఫ్లాటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. వ్యవసాయ భూమి మాత్రం తహసీల్దార్ ఆఫీసులో, మ్యుటేషన్‌తో (రికార్డుల్లో పేరు మార్పుతో) కలిపి. 2020లో ధరణి పోర్టల్‌తో మొదలైన పద్ధతి ఇది. 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఏపీ మీభూమి పోర్టల్‌లో అడంగల్, 1-బీ రికార్డులు చూసిన అలవాటుతో భూభారతిలో వెతకడం ముందే సాధన చేయండి.

*పాత రికార్డు.* ఇక్కడ లాయరు మొదట అడిగేవి సేత్వార్ (తొలి సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, 1955-58 సెస్సాలా పహాణీ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రికార్డులు). పేర్ల వరుస ఖాస్రా నుంచి ఇప్పటిదాకా తెగకుండా వచ్చిందా అన్నదే అసలు పరీక్ష. ఖాస్రాలో "సర్కారీ" అనో మరొకటో ఉండి, మధ్యలో ఎక్కడో పట్టాదారు పేరు పుట్టుకొస్తే ఆగిపోండి.

*రక్షిత కౌలుదార్లు.* 1950 కౌలుదారీ చట్టం కింద 38-ఈ సర్టిఫికెట్లు (కౌలుదారుకు యాజమాన్య హక్కు ఇచ్చేవి) పొందినవాళ్ల వారసులు నగర శివార్లలో ఇప్పటికీ కోర్టుల్లో కనిపిస్తారు. కోస్తాలో మనకు ఈ సమస్య తగలదు కాబట్టి అడగాలని కూడా తట్టదు. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఏ సర్వే నంబరుకైనా "పీటీ (ప్రొటెక్టెడ్ టెనెంట్, అంటే రక్షిత కౌలుదారు) ఉందా?" అని అడగండి.

*చెరువులు.* హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్లో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) మ్యాపులు ఉన్నాయి. బిల్డింగ్ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. "శిఖం" అన్న మాట కాగితంలో కనిపిస్తే అది చెరువు భూమి. పట్టా ఉన్నా ఇల్లు కట్టుకునే జాగ కాదు.

*111 జీవో.* ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకంలో కట్టడాలను కట్టడి చేయడానికి 1996లో వచ్చింది, 84 గ్రామాలకు వర్తింపజేశారు. 2022 తర్వాత "ఎత్తేశారు కదా" అని అమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ గ్రామాల జోలికి మొదటి ఏడాది పోకండి.

*ఫ్లాట్లు.* రెండు చూడండి. ఒకటి ఓసీ (కట్టడం పూర్తయ్యాక నివాసానికి మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్). రెండోది మార్ట్‌గేజ్: అపార్టుమెంట్లలో కట్టిన విస్తీర్ణంలో 10 శాతాన్ని ఓసీ వచ్చేదాకా మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. మీరు అమ్మించే ఫ్లాటు ఆ తనఖాలో ఉన్నదేమో శాంక్షన్ ప్లాన్ తీసి చూడండి. బ్యాంకు చూసి వెనక్కి పంపితే పోయేది మీ పేరే.

*ఈసీ.* ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్ ఇది. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీసుకోవాలి. దాంతోపాటు 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులది) చూడటం తప్పనిసరి.

ఇవికాక నోటరీ ఇళ్లు (రిజిస్ట్రేషన్ లేకుండా నోటరీ కాగితం మీదే చేతులు మారినవి), సాదాబైనామా (తెల్లకాగితం మీద అమ్మకం రాసుకున్న) భూములు, గ్రామ పంచాయతీ లేఔట్లు, గుంటల లెక్కన అమ్మే ఫార్మ్ ప్లాట్లు ఉన్నాయి. వీటిలో కొన్ని క్రమబద్ధం కావచ్చు, కాకపోవచ్చు. కొత్తవాళ్లు వీటిని ముట్టుకోకపోవడమే మేలు.

6. మొదటి మూడు నెలలు కిరాయిలతో

నేరుగా అమ్మకాలకు దూకకండి. కిరాయి ఇళ్లు చూపిస్తే వచ్చేది నెల కిరాయో, అందులో సగమో. చిన్న మొత్తమే. కానీ ప్రతి కిరాయి ఒక యజమానిని పరిచయం చేస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు తరఫున ఇల్లు చూసుకునే పెద్దాయన మీకు తాళాలిచ్చాడంటే, రేపు అమ్మేటప్పుడు ఆ ఫోను మీకే వస్తుంది.

రోజూ చేయాల్సిన పని:

- ఉదయం ఒక కాలనీ నడిచి తిరగడం. బండి మీద పోతే "టు లెట్" బోర్డులు తప్ప ఏమీ కనపడవు.
- వాచ్‌మన్, ఇస్త్రీ బండి, కిరాణా కొట్టు, అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీ. ఎవరు ఖాళీ చేస్తున్నారో ముందు తెలిసేది వీళ్లకే.
- ప్రతి అపార్టుమెంటుకు ఒక పేజీ: ఏ ఏడాది కట్టారు, ఓసీ ఉందా, మంజీరా (కుళాయి) నీళ్లా బోరా, మెయింటెనెన్స్ ఎంత, చివరిగా గజం లేక అడుగు ఏ రేటుకు పోయింది.
- వారానికి ఒకసారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఓ పూట. అడిగిన ధరకూ, నిజంగా తెగిన ధరకూ తేడా అక్కడే తెలుస్తుంది.

మాట తీరు కొంచెం మార్చుకోండి. మడిగె, జాగ, కిరాయి, బయానా (అడ్వాన్సు) అన్న మాటలు చెవిన పడతాయి. కావాలని తెలంగాణ యాస పట్టబోతే వెక్కిరించినట్టు ఉంటుంది, ఆ పని చేయకండి. "అన్నా", "సార్", "అమ్మా" చాలు.

7. స్థానిక ఏజెంట్లతో పొత్తు

ఇక్కడ రీసేల్‌లో సాధారణంగా ఒక్కో వైపు ఒక శాతం, కొన్ని చోట్ల రెండు శాతం నడుస్తుంది. ఇద్దరు ఏజెంట్లు ఉంటే ఎవరి వైపు వాళ్లు తీసుకోవడమా, మొత్తం కలిపి పంచుకోవడమా అన్నది చూపించకముందే తేల్చుకోండి.

చూపించే ముందు ఈ మాదిరి మెసేజ్ పంపండి: "అన్నా, ఫలానా అపార్టుమెంటు మూడో ఫ్లోరు ఫ్లాటు, నా కస్టమర్ ఫలానా వారు, ఈరోజు సాయంత్రం చూస్తున్నారు. కొనేవాళ్ల వైపు నాది, అమ్మేవాళ్ల వైపు మీది. సరేనా?" అవతల నుంచి "సరే" అని వచ్చాకే బయల్దేరండి. అలా రాసి అడిగితే మొహమాటపడేవాళ్లు ఉంటారు. మొహమాటపడేవాళ్లతోనే రేపు గొడవ.

బిల్డర్ దగ్గర కమీషన్ తీసుకుంటే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 2 శాతం కోస్తారు. లక్షకు రెండు వేలు. ఆ సొమ్ము ఐటీ రిటర్నులో వెనక్కి రాబట్టుకోవచ్చు కాబట్టి నగదుగా తీసుకుందామన్న ఆలోచన మానండి.

8. పాత ఊరే మీ పెట్టుబడి

హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన ఏజెంటుకు లేనిదొకటి మీకుంది. గుంటూరులో పొలం అమ్మి ఇక్కడ పిల్లలకు ఫ్లాటు కొనాలనుకునే కుటుంబం ముందు మీకే ఫోన్ చేస్తుంది. ఇక్కడ స్థిరపడి ఊళ్లో స్థలం అమ్ముకోవాలనుకునేవాళ్లూ ఉంటారు. రెండు వైపులా పని చేయాలంటే రెండు రాష్ట్రాల రెరా నంబర్లూ బతికుండాలి. అందుకే ఏపీది వదలొద్దన్నాను.

నెలకోసారి పాత కస్టమర్లకు ఫోన్ చేయండి. అమ్మకం ప్రస్తావన తేకండి. "హైదరాబాద్‌లోనే ఉంటున్నానండీ" అన్న ఒక్క మాట చాలు.

9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాటు

*ప్రీలాంచ్ ఆఫర్లు అమ్మించడం.* అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. "యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) రిజిస్ట్రేషన్ చేస్తాం, సగం రేటుకే ఫ్లాటు, ఏజెంటుకు నాలుగు శాతం" అంటారు. రెరా రిజిస్ట్రేషన్ రాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం చట్టవిరుద్ధం. బిల్డర్ చేతులెత్తేస్తే కస్టమర్ వచ్చేది మీ ఇంటికే, అదీ మీ ఊరివాడే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఇప్పటికే ఎవరికైనా ఇప్పించి ఉంటే, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు, బ్యాంకు వివరం వాళ్ల దగ్గర ఉండేలా చూసి, ఆలస్యం చేయకుండా లాయరు దగ్గరికి పంపండి.

*టోకెన్ సొంత ఖాతాలో వేయించుకోవడం.* చెక్కు నేరుగా యజమాని పేరు మీదే ఉండాలి. పొరపాటున మీకు పడితే అదే రోజు యజమానికి పంపి, ఇద్దరికీ రసీదు ఇవ్వండి.

*విజయవాడ రేట్లతో పోల్చడం.* "మా బెంజ్ సర్కిల్ దగ్గర ఇంతే" అన్న మాట ఇక్కడి యజమానికి చిరాకు. మూడు కిలోమీటర్ల లోపల తెగిన రేట్లు చెప్పండి.

*విస్తీర్ణం విప్పి చెప్పకపోవడం.* 1,500 చదరపు అడుగులంటే సూపర్ బిల్టప్పా (ఉమ్మడి చోటులో వాటాతో కలిపి), కార్పెట్టా (ఫ్లాటు లోపల వాడుకునే చోటు)? రెరా లెక్క కార్పెట్ ఏరియాదే. రెండూ, యూడీఎస్‌తో సహా, ఒకే కాగితం మీద రాసివ్వండి.

*ప్రకటనలో పాత నంబరు.* విజిటింగ్ కార్డు, వాట్సాప్ బిజినెస్, పోర్టల్ ప్రొఫైల్ మూడూ కొత్త రెరా నంబరుతో మార్చండి. పోర్టల్లో పాత ఏపీ లిస్టింగులు మిగిలిపోతే తీసేయండి.

10. మొదటి టోకెన్ రోజు చేతిలో ఉండాల్సిన చెక్‌లిస్టు

- తెలంగాణ రెరా సర్టిఫికెట్ వచ్చింది, ఆఫీసు గోడ మీద ఉంది
- బిల్డర్ ప్రాజెక్టు అయితే దాని రెరా నంబరు వెబ్‌సైట్లో మీరే చూశారు
- యజమాని ఆధార్, పాన్ పేర్లు సేల్‌డీడ్‌తో కలుస్తున్నాయి
- లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, 22-ఏ చూశారు
- శాంక్షన్ ప్లాన్, ఓసీ, తనఖా ఫ్లాట్ల జాబితా చూశారు
- చెరువు, నాలా దగ్గరుంటే ఎఫ్‌టీఎల్ మ్యాపు తీశారు
- యజమాని విదేశాల్లో ఉంటే జీపీఏ (యజమాని తరఫున సంతకం చేసే అధికార పత్రం) చెల్లుబాటు లాయరు చూశారు, టీడీఎస్ వేరుగా ఉంటుందని కొనేవాళ్లకు చెప్పారు
- ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ కొనేవాళ్లే కట్టాలని చెప్పారు
- కమీషన్ ఎంత, ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు, జీఎస్టీ ఎవరిది: రాతలో ఉంది
- టోకెన్ వెనక్కివ్వాల్సి వస్తే ఎన్ని రోజుల్లో, ఎంత మినహాయింపుతో: అదీ రాతలో ఉంది